కొత్తిమీర మడి పక్కన పెంటబొంద

నకిరేకల్,
18 జులై 2022

నిర్మల వదినకు, భాగ్య రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను, నీ అల్లుడు శివకృష్ణ, నీ బిడ్డ సుస్మిత ముగ్గురం బాగున్నాం. అక్కడ నువ్వు, చిన్నబిడ్డ వర్షిత బాగున్నారనుకుంటాను. అన్న గొర్రెలతో ఏ ఊరి పొలాల్లో ఉన్నాడో నాకు తెలియదు కాబట్టి ఆయన మంచిచెడ్డలు నువ్వే రాయాలి.

ఫోను చేయొచ్చు కదా అంటావు. నా చెవుల సంగతి నీకు తెలియనిదా? శివకృష్ణ ఫోను నా చెవికి ఆనిస్తే అన్నిటికీ "ఆఁ, మంచిది" అంటాను. మొన్న నువ్వు రెండు గొర్రెలు చచ్చిపోయాయని చెప్పినా మంచిది అన్నానట. అంగన్‌వాడీలో ఇరవై ఏళ్లు పిల్లలతో అక్షరాలు దిద్దించిన చెయ్యి ఇది. నాకు ఉత్తరమే నయం.

సుస్మిత నా కోడలై రెండు నెలలైంది. మేనకోడలే కోడలైతే ఇల్లు చల్లగా ఉంటుందని అందరూ అన్నారు, నిజమే. కానీ పిల్లతో పాటు ఆ బొల్లి కుక్కను కూడా పంపావు చూడు, నువ్వు నాకు వియ్యపురాలివి కూడా అని రోజూ పొద్దున్నే అది గుర్తు చేస్తుంది. ఇంటి వెనక నాలుగు మడులున్నాయి కదా. పాలకూరలో ఒక చోట, పుంటికూర మొదట్లో ఒక చోట, దాని ఇష్టం. పెంట ఎత్తి మోరీ కాలువలో వేస్తే పక్కింటామె కొట్లాటకు వస్తుంది. చెత్తబండిలో వేస్తే బండి అతను "గిది నేను తీస్కపోనమ్మా" అని తిరిగి గేటు ముందే పెట్టిపోతాడు. అప్పగింతలప్పుడు అందరం ఏడుస్తుంటే నువ్వు చీర కొంగు అడ్డం పెట్టుకొని నవ్వినట్టు అనిపించింది నాకు. ఈ కుక్క పీడ వదిలిందనేనా?

నీ ఇంట్లో ఎప్పుడూ మూడు కుక్కలకు తక్కువ లేవు. ఆ పెంట ఏం చేస్తారో జర వివరంగా రాయి.

ఇట్లు
నీ ఆడబిడ్డ, భాగ్య


కొత్తకోట,
4 ఆగస్టు 2022

భాగ్యకు, వదిన నిర్మలమ్మ రాయునది.

నీ ఉత్తరం అందింది. నేను చదివింది ఏడో తరగతి. నా అక్షరాలు కాపరి లేని గొర్రెల్లాగా తలా ఒక దిక్కు పోతాయి, ఓపికగా చదువుకో. మీ అన్న కృష్ణా నది ఒడ్డు నుంచి మందను తోలుకొని మొన్ననే ఇల్లు చేరాడు. మనిషి నల్లబడ్డాడు, గొర్రెలు తెల్లబడ్డాయి.

కుక్క పెంట ఏం చేయాలని అడుగుతున్నావా? ఈ ఇంట్లో పుట్టిన దానివి, పట్నపు దొరసానిలాగా అడుగుతున్నావు. గొర్రెది, మేకది, కుక్కది అని మనం ఏనాడైనా వేరు చేశామా? అన్నీ ఒకే పెంటబొందలో వేస్తాం. నీ పెరట్లో కూడా ఒక బొంద తవ్వించు. ఏడాది మగ్గితే నల్ల బంగారమే. మన మంద ఒక్క రాత్రి పొలంలో ఆగితే చాలని రైతులు వచ్చి బతిమాలేది దేనికి? ఆ పని నువ్వు చేయకు, నడుము పడుతుంది. సుస్మితకు చెప్పు. చీపురు పట్టడం వచ్చినప్పటి నుంచి ఇక్కడ ఆ పని దానిదే.

ఇంకో మాట. బొల్లిగాడు చిక్కిపోయాడని సుస్మిత ఫోనులో చెప్పింది. పెరుగన్నం పెడుతున్నావట. వాడేమన్నా పూజారా? ఇక్కడ గొర్రెను కోసినా, జబ్బుతో చచ్చినా, నీటి బుగ్గలున్న కార్జం మనుషులు తినరు కదా, అది కోసి పచ్చిగానే కుక్కలకు వేస్తాను. అందుకే మా కుక్కలు పులుల్లాగా ఉంటాయి. మటన్ దుకాణంలో అడుగు, ఊరికే ఇస్తారు.

అప్పగింతలప్పుడు నేను నవ్వలేదు. ఏడిస్తే బిడ్డ బండి ఎక్కదని పళ్లు బిగబట్టుకున్నాను.

మీ వదిన
నిర్మలమ్మ


నకిరేకల్,
11 డిసెంబర్ 2022

వదినా,

నీ మాట ప్రకారం బొంద తవ్వించాను. కాకపోతే నీళ్ల కుళాయి అటే ఉందని కొత్తిమీర మడిని ఆనుకొనే తవ్వించాను. ఏడాది ఆగమన్నావు, నాకంత ఓపిక ఏది? రెండు నెలలకే కొంత తీసి మడిలో చల్లాం. కొత్తిమీర మోకాలెత్తు వచ్చింది. నీ బిడ్డ తెంపిన చోటనే నిలబడి నాలుగు రెమ్మలు నములుతుంది. "కడుగు బిడ్డా" అంటే, "మన చేన్ల మనం కడుక్కొని తిన్నమా అత్తమ్మా" అని నవ్వుతుంది. పచ్చి కార్జం మాత్రం వేయలేదు, ఆ వాసన నాకు పడదు.

బొంద పని సుస్మిత ఎవరినీ చేయనివ్వదు. శివకృష్ణ నిమ్మకాయల మార్కెట్టుకు పోయేలోపు తొంగిచూసి "నేను చేస్తలే" అన్నా తట్ట ఇవ్వదు. బొల్లిగాడు తన వెంట వచ్చినవాడట, వాడి మంచిచెడ్డలు తనవేనట.

నిన్ను ఫికర్ పెట్టడానికి కాదు కానీ, పిల్లకు నెలన్నరగా కుడి డొక్క కింద నొప్పి వస్తున్నది. అన్నం సహించడం లేదంటే నేను వేరే శుభవార్త అనుకొని మురిసిపోయాను. అది కాదన్నారు. ఇక్కడి డాక్టరు గ్యాస్ అని గోళీలు ఇచ్చాడు. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. అన్నను ఒకసారి పంపు, బాపును చూస్తే పిల్ల నాలుగు ముద్దలు ఎక్కువ తింటుంది.

భాగ్య


కొత్తకోట,
9 జనవరి 2023

భాగ్యా,

మీ అన్న మీ ఇంటికి వచ్చిపోయినప్పటి నుంచి మాట్లాడటం లేదు. రెండు రోజులు అడిగితే చెప్పాడు. "బిడ్డ డొక్క పట్టుకొని వంగి కుక్క పెంట ఎత్తుతాంది. నా చెల్లె అరుగు మీద కూసొని చాయ తాగుతాంది" అన్నాడు. ఆ మాట చెప్పి కండువాతో మొహం తుడుచుకున్నాడు. మీ నాయిన పోయిననాడు కూడా ఆయన ఏడవలేదు.

ఇక్కడ కూడా అది చేసింది కదా అంటావేమో. కన్నవాళ్ల ఇంట్లో ఆడుతూ చేసిన పని వేరు, అత్తింట్లో నొప్పితో చేసే పని వేరు. మేనత్త దగ్గర అయితే కంటికి రెప్పలాగా చూసుకుంటుందని ఇచ్చాను. అడిగిన సంబంధాలన్నీ కాదని ఇచ్చాను. పిల్లకు నొప్పి ఉంటే పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి, తట్ట చేతికివ్వడం కాదు.

సంక్రాంతికి పిల్లను పంపు. ఇక్కడ నేను చూపించుకుంటాను.

నిర్మలమ్మ


నకిరేకల్,
2 ఫిబ్రవరి 2023

వదినా,

నీ ఉత్తరం చదివి సుస్మితకు చూపించలేదు. చూపిస్తే నీతో పోట్లాడుతుంది. అన్న వచ్చిన రోజు నేను తట్ట లాక్కోబోతే, "బాపు చూస్తాండు, నాకేం నొప్పి లేనట్టే ఉండాలె" అని నా చేతికి చాయ గ్లాసు ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. తండ్రి భయపడతాడని ఆ నాటకం ఆడింది. అన్నకు వేరేగా అర్థమైంది. ఆయన మొహం చూసి కూడా నేను చెప్పలేకపోయాను, ఎందుకంటే పిల్లకు మాటిచ్చాను.

పండక్కి పంపలేదని నీకు కోపం. పండగనాడే నొప్పి ముదిరింది. స్కానింగ్ తీశారు. కార్జంలో నీళ్లు నిండిన తిత్తి ఉందట, కొబ్బరికాయంత ఉందట. కోసి తీయాలన్నారు. హైదరాబాదులో పెద్ద దవాఖానలో మార్చి రెండున ఆపరేషన్. అన్నను, నిన్ను ముందురోజే రమ్మంటున్నది. "అమ్మకు కోపం ఉన్నా వస్తది గదా అత్తమ్మా" అని రెండుసార్లు అడిగింది. వస్తావని చెప్పాను.

భాగ్య


కొత్తకోట,
20 మార్చి 2023

భాగ్యలక్ష్మి గారికి,

సుస్మిత పోయి ఈ రోజుకు పద్దెనిమిది రోజులు.

ముందురోజే రమ్మన్నావు. ఆ రోజే రెండు గొర్రెలు ఈనాయి, మందను వదిలి మీ అన్న కదలలేకపోయాడు. నేను ఒక్కదాన్నే వచ్చినా అయిపోయేది. పొద్దున పోదాంలే అనుకున్నాను. మేము బస్సు దిగి వచ్చేసరికి తెల్ల గుడ్డ కప్పి ఉంది. అది నా తప్పు, నేనే మోస్తాను.

నాకు ఒక్కటి కావాలి. ఆ డాక్టరు నిన్ను, అల్లుడిని లోపలికి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. కర్మల రోజు అడిగితే అల్లుడు తల వంచుకున్నాడు. నువ్వు వినపడనట్టు ఉండిపోయావు. ఇరవై రెండేళ్లు పెంచిన పిల్ల ఏ రోగంతో పోయిందో, ఆ రోగం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకునే హక్కు నాకుంది. ఏం చెప్పాడో ఉన్నది ఉన్నట్టు రాయి.

నిర్మలమ్మ


నకిరేకల్,
2 ఏప్రిల్ 2023

వదినా,

అడిగావు, రాస్తున్నాను.

ఆపరేషన్ బల్ల మీద తిత్తి పగిలింది. ఆ నీళ్లు లోపల కలిసి బీపీ పడిపోయింది. ఎంత చేసినా లేపలేకపోయారు. అది కుక్క కడుపులో ఉండే సన్న పురుగుతో వస్తుందట. కుక్క పెంటలో దాని గుడ్లుంటాయి, కంటికి కనిపించవు. అవి మట్టితో, ఆకుకూరతో, కడగని చేతులతో మనిషి కడుపులోకి పోతే కార్జంలో తిత్తి కడుతుంది.

అది నా పెరట్లో జరిగింది. నువ్వు ఏడాది మగ్గనివ్వమన్నావు, నేను రెండు నెలలకే తీయించి చల్లాను. బొంద దూరంగా తవ్వించాల్సింది, మడి పక్కన తవ్వించాను. నా కళ్ల ముందే పిల్ల ఆ కొత్తిమీర నమిలింది. తప్పు నాది. శివకృష్ణను ఏమీ అడగకు, వాడు అసలే మనిషిలో లేడు.

అన్నం తింటున్నావా?

భాగ్య


కొత్తకోట,
25 ఏప్రిల్ 2023

భాగ్యలక్ష్మికి,

నీ ఉత్తరం మీ అన్నకు చదివి వినిపించాను. ఆయన లేచి గొర్రెల దొడ్లోకి పోయాడు.

మూడు కుక్కల మధ్య ఇరవై రెండేళ్లు పెరిగిన నా బిడ్డకు ఏమీ కాలేదు. నీ నాలుగు మడుల మధ్య పది నెలలు ఉండలేకపోయింది. నీ కొత్తిమీర మోకాలెత్తు పెరగడానికి నా బిడ్డ పోయింది. పొద్దున లేవగానే నీ పేరు తలచుకొని మన్ను పోస్తున్నాను. నీ పెరడు బీడువారాలి. నీ చేత్తో వేసిన విత్తనం ఏదీ మొలవకూడదు. ఆ కుక్కను ఇంకా సాకుతున్నావట, దాన్నే సాక్కో.

నేను తిన్నానా లేదా అని అడగకు.

నిర్మలమ్మ


నకిరేకల్,
14 జూన్ 2023

వదినా,

నీ మాటలు నాకు తగినవే. మడులన్నీ తీసేశాను. ఇప్పుడు బొల్లిగాడి పెంట చేతికి కవరు తొడుక్కొని ఎత్తి, ప్రహరీ మూలన నిలువెత్తు గుంతలో వేసి సున్నం చల్లుతున్నాను. పశువుల డాక్టరు వాడికి కడుపులో పురుగులు పోయే మందు వేశాడు, మూడు నెలలకోసారి వేయాలన్నాడు. వాడు రోజూ తట్ట దగ్గర కూర్చొని గేటు వైపు చూస్తాడు. ఆ కుక్కను కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

ఒక్కటి అడుగుతాను, కోపగించుకోకు. వర్షితకు కాలేజీకి సెలవు పెట్టించి పది రోజులు నా దగ్గరికి పంపు. పిల్ల చిక్కిపోయిందని అన్న శివకృష్ణతో చెప్పాడట. ఇక్కడ మంచి డాక్టరున్నాడు, ఒకసారి అన్ని పరీక్షలూ చేయిస్తాను. నా దగ్గరికి వద్దనుకుంటే నువ్వే మహబూబ్‌నగర్ తీసుకుపోయి కడుపు స్కానింగ్ తీయించు. ఊరికే, ధైర్యం కోసం. నువ్వు, అన్న కూడా తీయించుకోండి.

పిల్లను తప్పకుండా పంపు వదినా. శివకృష్ణ వచ్చి తీసుకుపోతాడు.

భాగ్య


కొత్తకోట,
1 జులై 2023

భాగ్యలక్ష్మికి,

నీ ఉత్తరం చదివి నేను నవ్వాను. నాలుగు నెలల తర్వాత నవ్వాను, అది కూడా ఏడుపు రాక.

నీ మనసులో ఏముందో నాకు తెలియదనుకున్నావా? అక్క పోతే చెల్లెను ఇవ్వడం మన కులంలో కొత్త కాదు. మన పక్కింటి నర్సింగమ్మ అప్పుడే అన్నది, "ఏడాది తిరగకముందే మీ ఆడబిడ్డ సిన్నదాన్ని అడుగుతది సూడు" అని. నేను నమ్మలేదు. పిల్లకు పరీక్షలు చేయిస్తావా? కోడలిగా పనికొస్తుందా లేదా అని చూసుకోవడానికా? దాన్ని తీసుకుపోవడానికి నీ కొడుకే రావాలా?

వర్షితకు పదిహేడేళ్లు. ఇంటర్ చదువుతాంది. ఒక బిడ్డను నీ పెరటికి ఎరువుగా ఇచ్చాను, చాలు. అక్క మీద బెంగతో దీనికి కూడా తిండి సహించడం లేదు, డొక్కలో నొప్పి అని ముడుచుకొని పడుకుంటున్నది. ఈ పిల్లనైనా నాకు ఉండనివ్వు. ఇక ఉత్తరాలు రాయకు. రాసినా చింపేస్తాను.

నిర్మలమ్మ


నకిరేకల్,
8 జులై 2023

వదినా,

ఇది చింపకు. చదివి చింపు. శివకృష్ణ ఫోను చేస్తే మీరు ఎత్తడం లేదు, పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని మీ ఊరి దారిన పోయే లారీ డ్రైవరు పరశురాం చేతికిచ్చి పంపుతున్నాను.

వర్షితను రేపే స్కానింగ్‌కు తీసుకుపో. నొప్పి ఏ పక్క అని అడుగు. కుడి పక్క అంటే ఒక్కరోజు కూడా ఆగకు.

నీకు అబద్ధం రాశాను. ఆ రోజు డాక్టరు మమ్మల్ని అడిగిన మొదటి మాట, "ఈ అమ్మాయి చిన్నప్పుడు ఎక్కడ పెరిగింది?" అని. అంత తిత్తి పది నెలల్లో కట్టదట. పది పన్నెండేళ్లు పడుతుందట. ఇంట్లో గొర్రెలు, కుక్కలు ఉన్నాయా, కుక్కలకు పచ్చి కార్జం వేస్తారా అని అడిగాడు. గొర్రె కార్జంలోని ఆ నీటి బుగ్గలలోనే పురుగు ఉంటుందట. అది తిన్న కుక్క కడుపులో పెరిగి, పెంటలో గుడ్లు పెడుతుంది. ఆ పెంట ఎత్తిన పిల్లల చేతుల నుంచి నోట్లోకి పోతుంది. ఆ ఇంట్లో పెరిగిన అందరికీ స్కానింగ్ తీయించాలని గట్టిగా చెప్పాడు. నేను తీయించుకున్నాను. నాకు లేదు.

కర్మల రోజు నువ్వు అడిగినప్పుడు నీ చేతులు చూశాను. ఆ చేతులతోనే నువ్వు కార్జం కోసి వేసేదానివి. నీకంటే ముందు మా అమ్మ వేసింది, చిన్నప్పుడు నేనూ వేశాను. దాంతో రోగం వస్తుందని ఎవరికీ తెలియదు. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ఆ మాట ఎలా చెప్పను? నన్ను తిట్టుకుంటే నువ్వు బతుకుతావు, నిన్ను నువ్వు తిట్టుకుంటే బతకవు అనుకున్నాను. శివకృష్ణతో ఒట్టు వేయించుకున్నాను. చెప్పకుండానే వర్షితకు పరీక్ష చేయించవచ్చనుకున్నాను. అది నా తెలివితక్కువతనం. నాలుగు నెలలు పోగొట్టాను. నా కొడుకు మీద ఒట్టు, వర్షితను కోడలిగా ఏనాడూ అనుకోలేదు.

నన్ను ఎన్నైనా అను, తర్వాత. ముందు పిల్లను తీసుకుపో.

భాగ్య


కొత్తకోట,
30 సెప్టెంబర్ 2023

భాగ్యా,

ఆలస్యంగా రాస్తున్నాను. రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడలేదు.

వర్షితకు ఉంది. నిమ్మకాయంత ఉందట, కుడి పక్కనే. చిన్నగా ఉన్నప్పుడే వచ్చారు కాబట్టి గోళీలతో ఎండిపోవచ్చన్నారు. రెండు నెలలు వేశాక మొన్న మళ్లీ చూశారు, పెరగలేదు. ఇంకా వాడాలి. మీ అన్నకు, నాకు ఏమీ లేదు. నాకు ఉన్నా బాగుండేదని మీ అన్నతో అన్నాను. ఆయన నా నోరు మూశాడు.

నీ మీద కోపం పోలేదు. నాలుగు నెలలు ఆ పిల్ల నొప్పితో ముడుచుకుంటుంటే, ఆ రోగం సంగతి నీకు తెలిసి కూడా అటూ ఇటూ తిప్పి రాశావు. నా మీద జాలితో నా బిడ్డను పణంగా పెట్టావు. కానీ ఆ నాలుగు నెలలు నేను లేచి పొయ్యి ముట్టించింది నిన్ను తిట్టుకునే బలంతోనే. అది కూడా నిజం. నువ్వు అన్నం తింటున్నావా అని అడిగావు, నేను నీకు మన్ను పోశాను. ఈ రెండింటిలో దేనికి ఏడవాలో నాకు తెలియడం లేదు. ఇప్పుడు తిట్టుకోవడానికి ఎవరూ లేరు. నా చేతులే ఉన్నాయి.

మొన్న ఆదివారం బీరన్న గుడి దగ్గర రెండు పొట్టేళ్లను కోశారు. ఒకదాని కార్జం నిండా బుగ్గలు. ఎప్పటిలాగే నర్సింగమ్మ దాన్ని కుక్కల ముందుకు విసిరింది. నేను పోయి కుక్క నోట్లోది లాగాను. నా చెయ్యి గీరుకుపోయింది. అందరూ నవ్వారు. "బిడ్డ పోయినప్పటి సంది మతి నిలకడ లేదు పాపం" అని ఎవరో అన్నారు. పక్కన గుంత తీసి పాతిపెడుతుంటే, "గదేందే నిర్మలా, నోరు లేని దాని కూడు గుంజుకుంటవా" అని నర్సింగమ్మ అడిగింది.

ఎందుకో చెప్పాలంటే నేనేం చేశానో చెప్పాలి. చెప్పకుండా వచ్చేద్దామని లేచాను కూడా. నర్సింగమ్మ మనవరాలు పూజ ఆ కుక్క మెడ పట్టుకొని నిలబడి ఉంది. ఆరేళ్ల పిల్ల. చేతిలోని చెరుకు ముక్క నములుతాంది.

అప్పుడు చెప్పాను. "నా సుస్మిత గిందుకే పోయింది. మా ఆడబిడ్డ తప్పేం లేదు. బుగ్గల కార్జం కుక్కలకు ఏసింది నేను. దాని పెంట నా బిడ్డతోని ఎత్తిపిచ్చింది నేను. నా చేతులతోనే పోయింది" అన్నాను. గుడి దగ్గర ఇరవై మంది ఉన్నారు. మీ అన్న వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

కాసేపటికి నర్సింగమ్మ పూజ చేతిలోని చెరుకు ముక్క తీసి పారేసింది. పిల్ల ఏడుస్తున్నా వినకుండా బోరు దగ్గరికి తీసుకుపోయి రెండు చేతులూ మోచేతుల దాకా కడిగింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "గా స్కానింగు యాడ తీస్తరే?" అని అడిగింది. రేపు పొద్దున బస్సుకు వాళ్లను తీసుకొని నేనే మహబూబ్‌నగర్ పోతున్నాను.

నిర్మల